వణుకు ఆగిన చెయ్యి, ఆగని మనసు



కంపవాతం అనగానే మన కళ్ల ముందు కదిలేది వణికే చెయ్యి. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో ఈ జబ్బు మీద వ్యాసం రాస్తూ, రోగి తెలివికి మాత్రం లోటు రాదన్నారు. జబ్బు ఒంటిదే, మనసుది కాదన్న ఆ అభిప్రాయం చాలాకాలం చెల్లింది. అది ఎలా మారిందో ఇవాళ చెప్పుకుందాం.

ముందు మందు సంగతి. మన పొలంగట్ల మీద పాకే దూలగొండి తీగ తెలుసు కదా, కాయ తగిలితే ఒళ్లంతా దురదే. ఆ గింజల్లోంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి తెలియదు. కంపవాత రోగుల మెదడులో డోపమైన్ అనే రసాయనం బాగా తగ్గిపోతుందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ చూపారు. ఎల్-డోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ డోపాను పెద్ద మోతాదులో నోటి ద్వారా ఇచ్చి, కదలలేనివాళ్లను కదిలించారు.

అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ మందు ఒక పూట పనిచేసి ఒక పూట మొరాయిస్తుంది. అందుకే శస్త్రచికిత్స. ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరంలో బెనాబిద్ అనే వైద్యులుండేవారు. వణుకు తగ్గించడానికి మెదడు లోపల థలామస్ అనే చోట కొద్దిభాగాన్ని కాల్చేయడం అప్పటి పద్ధతి. కాల్చే ముందు, చోటు సరైనదేనా అని సన్నని తీగతో విద్యుత్తు పంపి చూసేవారు. సెకనుకు నూరుసార్ల వేగానికి పెంచేసరికి వణుకు ఠక్కున ఆగిపోయింది! మరి కాల్చడం ఎందుకు, తీగనే అక్కడ ఉంచేస్తే సరిపోదా? 1987లో ఆ పద్ధతి లోకానికి తెలిసింది. 1993లో ఆయన బృందం సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న గింజంత భాగంలో తీగ అమర్చింది. వణుకే కాదు, బిగుసుకుపోవడం కూడా తగ్గింది. బ్యాటరీ ఛాతీ చర్మం కింద ఉంటుంది. దీన్నే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటారు.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. డోపమైన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలు వాడుకలోకి వచ్చాక, అంతకుముందు జూదం ఎరగని మనుషులు జూదానికి దిగడం వైద్యులు గమనించారు. కొందరికి అక్కర్లేనివి కొనే పిచ్చి, కొందరికి ఆపుకోలేని కామం. రోగులు సిగ్గుతో దాచారు. ఇంటివాళ్లు ముసలితనంలో బుద్ధి చెడిందనుకున్నారు. 2010లో అమెరికా, కెనడాలలో 3,090 మంది రోగులను పరిశీలిస్తే, ఈ రకం మాత్రలు వేసుకునేవారిలో నూటికి 17 మందికి, వేసుకోనివారిలో 7 మందికి ఇలాంటి లక్షణం కనిపించింది.

ఆపరేషన్ మాటేమిటి? 2007లో అమెరికాలో మైకేల్ ఫ్రాంక్ బృందం ఒక పరీక్ష పెట్టింది. దాదాపు సమానమైన రెండు వస్తువుల్లో ఒకటి ఎంచుకోమంటే మనం కాసేపు తటపటాయిస్తాం. బ్యాటరీ ఆపి ఉన్నప్పుడు రోగులూ అంతే. బ్యాటరీ వెయ్యగానే ఆ తటపటాయింపు పోయి, ఇంకా త్వరగా తేల్చేశారు. సబ్‌థలామిక్ న్యూక్లియస్ బండికి బ్రేకు లాంటిదన్నమాట. కాలుచేతులకు పట్టిన బ్రేకు వదిలిస్తే, ఆలోచనకు వేసే బ్రేకు కూడా సడలింది. మాత్రల తీరు వేరు. అవి ఆగడాన్ని చెరపలేదు, నష్టం నుంచి నేర్చుకోవడాన్ని చెరిపాయి. జూదరికి కావలసింది అదే కదా, ఓడినా ఓడినట్టు తోచకపోవడం!

మరి ఆపరేషన్ వల్ల జూదం పెరుగుతుందా? తిన్నగా అవునని చెప్పలేం. ఆపరేషన్ తర్వాత మాత్రలు బాగా తగ్గించవచ్చు గనుక, అంతకుముందున్న వ్యసనాలు చాలామందిలో తగ్గిపోయాయని 2012లో గ్రెనోబుల్ వైద్యులే చూపారు. కొద్దిమందిలో మాత్రం కొత్తగా మొదలవుతాయి. మాత్రలు మరీ తగ్గిస్తే ఇంకో చిక్కు ఉంది. మనిషి దేనిమీదా ఆసక్తి లేకుండా ఓ మూల కూర్చుండిపోతాడు.

అందువల్ల వైద్యులు మాత్రలను మెల్లమెల్లగా దించుతారు, విద్యుత్తు మోతాదును పైకీ కిందికీ సర్దుతారు. ఆపరేషన్‌కు ముందే డబ్బు ఖర్చు గురించి, పేకాట గురించి అడుగుతారు. రోగి ఎదుట చెప్పలేని సంగతులుంటాయి కాబట్టి, భార్యనో కొడుకునో విడిగా కూడా అడగడం మంచిది.