కుటుంబ వేడుకలకు చిన్న క్యామ్‌కార్డర్: ఎంపికలో గమనించవలసిన అంశాలు

సూరత్ రింగ్ రోడ్ వస్త్ర మార్కెట్లు, నగరంలోని మరమగ్గాలు తెలంగాణ నుండి వలస వెళ్లిన అనేక పద్మశాలి కుటుంబాలకు జీవనాధారం. అక్కడి పెళ్లిళ్లను, బతుకమ్మ సంబరాలను స్వగ్రామంలోని పెద్దలకు చూపగలిగేది ఇంటి వీడియోయే.

క్యామ్‌కార్డర్ కొనేవారు మొదట ఆప్టికల్ జూమ్‌ను పరిశీలించాలి. అది కటకాల కదలికతో దృశ్యాన్ని దగ్గర చేస్తుంది. డిజిటల్ జూమ్ చిత్రాన్ని సాగదీస్తుంది కనుక స్పష్టత తగ్గుతుంది. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్, బయటి మైకు అమర్చే వీలు అవసరం. సాయంవేళ ఆడే బతుకమ్మకు సెన్సర్ పెద్దదైతే మేలు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడంతో, ట్యూబ్‌లైట్ల కింద షట్టర్ వేగం సెకనులో 50వ వంతు ఉంచితే మినుకులు కనిపించవు.

1995లో వచ్చిన మినీ డీవీ క్యాసెట్టులోని గంట వీడియో కంప్యూటర్‌లో సుమారు 13 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. 2006లో ఏవీసీహెచ్‌డీ విధానం వచ్చాక మెమరీ కార్డుల వాడకం పెరిగింది. పాత క్యాసెట్లను నడిపే పరికరాలు అరుదవుతున్నాయి కనుక వాటిని త్వరగా హార్డ్ డిస్కులోకి మార్చుకోవాలి. కార్డును చెరిపే ముందు రెండు ప్రతులు తీసి, ఒకటి సూరత్‌లో, మరొకటి స్వగ్రామంలో భద్రపరచడం క్షేమం. చెరిగిపోయిన కార్డుతో పాటు గతించిన పెద్దల స్వరం కూడా పోతుంది.