ఆర్డర్ ఫారంలో పుట్టిన కార్లు

1964 మోడల్ పాంటియాక్ టెంపెస్ట్ లెమాన్స్ కొనేవారికి అదనపు హంగుల జాబితాలో జీటీఓ అనే పద్దు ఒకటి కనిపించేది. 300 డాలర్లకు కాస్త తక్కువగా కట్టి ఆ పద్దు దగ్గర టిక్కు పెడితే చాలు, ఇంటిల్లిపాదీ తిరిగే మధ్యతరహా కారు 325 హార్స్‌పవర్ బండిగా చేతికొచ్చేది. అమెరికన్ మజిల్ కార్ల చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే లెక్కపెడతారు.

బలమైన ఇంజన్లు అంతకుముందు లేకపోలేదు. 1949లో ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88 కొత్త తరహా వీ8 ఇంజన్‌తో వచ్చింది. 1955 నాటి క్రైస్లర్ సీ-300 పేరులోనే దాని 300 హార్స్‌పవర్ ఉంది. కానీ అది కలిగినవాళ్ల కారు. 1961లో షెవ్రొలే ఇంపాలాకు వచ్చిన ‘సూపర్ స్పోర్ట్’ ప్యాకేజీ ఈ బలాన్ని మామూలు షోరూంకి తెచ్చినా, అదీ పెద్ద కారే. తేలికైన మధ్యతరహా బండిలో పెద్ద ఇంజన్ పెట్టి, తొలి ఉద్యోగంలో చేరిన కుర్రాడు కూడా వాయిదాల మీద కొనుక్కోగల ధరకు అమ్మడమే జీటీఓ చేసిన కొత్త పని.

దాన్ని విడి మోడల్‌గా కాకుండా ప్యాకేజీగా తేవడం వెనుక ఓ మతలబు ఉంది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నింటినీ కార్ల పందేల నుంచి తప్పుకోమంది. మధ్యతరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదన్న నిబంధన కూడా సంస్థలో ఉండేది. పందేల పేరు మీదే కార్లు అమ్ముకుంటున్న పాంటియాక్‌కు ఇది గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్, ఆయన సహచరులు బిల్ కాలిన్స్, రస్ గీ ఒక సందు కనిపెట్టారు. కొత్త మోడల్‌కైతే హెడ్డాఫీసు అనుమతి తప్పనిసరి. ఉన్న మోడల్‌కు ఒక ప్యాకేజీ జోడిస్తే అడిగేవారు లేరు. విభాగాధిపతి పీట్ ఎస్టెస్ సరేనన్నారు. అమ్మకాల విభాగం మాత్రం అనుమానంగా 5,000 కార్లకే ఒప్పుకుంది. తొలి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి.

ఆ డబ్బుకు దక్కేదేమిటి? పాంటియాక్ పెద్ద కార్లలో వాడే 389 క్యూబిక్ అంగుళాల, అంటే 6.4 లీటర్ల వీ8 ఇంజన్. జంట సైలెన్సర్ గొట్టాలు, గట్టిపరిచిన సస్పెన్షన్, నేల మీది నుంచి వేసే హర్స్ట్ గేర్ రాడ్. బానెట్ మీద రెండు గాలి గూళ్లు. అవి ఉత్త అలంకారమే, వాటిలోంచి గాలి లోపలికి పోదు. జీటీఓ అన్న పేరు కూడా సొంతం కాదు, ఫెరారీ పందెపు కారు నుంచి తీసుకున్నది. నిజమైన బలం, పై మెరుగు ఒకే ప్యాకేజీలో కలిసి రావడం తొలిరోజు నుంచే ఉంది. ఆ రెంటి పాళ్లు మారుతూ పోవడమే తర్వాతి కథ.

పోటీదారులు ఊరుకోలేదు. ఓల్డ్స్‌మొబైల్ అదే ఏడాది పోలీసు కార్ల పరికరాలను కలిపి 4-4-2 ప్యాకేజీ తెచ్చింది. షెవ్రొలే 1966లో షెవెల్ ఎస్ఎస్ 396ను దింపింది. జీటీఓ కూడా ఆ ఏడాది ప్యాకేజీ నుంచి విడి మోడల్ స్థాయికి ఎదిగింది. 1967 కామారోకు వచ్చిన జెడ్28 మరీ విచిత్రం. ట్రాన్స్-యామ్ పందేల్లో ఇంజన్ 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు కాబట్టి, షెవ్రొలే అందుకోసమే 302 ఇంజన్ తయారుచేసింది. జెడ్28 అన్నది కంపెనీ ఆప్షన్ల చిట్టాలోని కోడు మాత్రమే. తొలి ఏడాది అమ్మిన 602 కార్ల మీద ఆ పేరు ఎక్కడా ఉండదు. బానెట్ మీద, డిక్కీ మీద రెండేసి వెడల్పు చారలే గుర్తు.

ప్లిమత్ 1968లో ఎదురుదారి పట్టింది. హంగులన్నీ పీకేసి, టాక్సీలో ఉండేలాంటి బెంచీ సీటు వేసి, 335 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టి, మూలధర 3,000 డాలర్లు దాటకుండా చూసింది. కార్టూన్ పక్షి ‘రోడ్ రన్నర్’ పేరూ బొమ్మా వాడుకునేందుకు వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు చెల్లించింది. హారన్ కూడా ఆ పక్షిలాగే ‘బీప్ బీప్’ అనేది. ఆ ఏడాది సుమారు 45,000 కార్లు అమ్ముడయ్యాయి. దానికి జవాబుగా చౌక జీటీఓ చేద్దామని బయలుదేరిన పాంటియాక్ చివరికి చేసింది 1969 నాటి ‘ది జడ్జ్’. నారింజరంగు, చారలు, వెనక రెక్క, 366 హార్స్‌పవర్ ఇంజన్ అన్నీ కలిసి జీటీఓ ధర మీద మరో 332 డాలర్లు పడ్డాయి. చౌక సంగతి అటకెక్కింది.

1970లో జనరల్ మోటార్స్ మధ్యతరహా కార్లపై ఇంజన్ పరిమితిని పూర్తిగా ఎత్తేసింది. షెవెల్ ఎస్ఎస్ 454లో ఎల్ఎస్6 ఇంజన్ కోరుకున్నవారికి 450 హార్స్‌పవర్ దక్కింది. బ్యూక్ లాంటి పెద్దమనిషి కంపెనీ కూడా పసుపు రంగు పులిమి జీఎస్ఎక్స్ తెచ్చింది.

ఆ శిఖరం నుంచి దిగడానికి రెండేళ్లు పట్టలేదు. బీమా కంపెనీలు కుర్రకారు కొనే ఈ బండ్లపై ప్రీమియంలు మోపెడు చేశాయి. 1970 చివరిరోజున క్లీన్ ఎయిర్ చట్టంపై సంతకం అయింది. తక్కువ సీసం ఉన్న పెట్రోలుకు తగ్గట్టు 1971లో జనరల్ మోటార్స్ ఇంజన్ల కంప్రెషన్ తగ్గించింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం వచ్చిపడేసరికి మిగిలిన ఆశా ఆవిరైంది.

విశేషమేమిటంటే ఇంజన్లు పోయినా ప్యాకేజీలు పోలేదు. 1972లో షెవెల్ ఎస్ఎస్ ప్యాకేజీని ఆ కారులో దొరికే అతిచిన్న వీ8తోనూ కొనుక్కోవచ్చు. 1974 నాటి చివరి జీటీఓ చిన్న కారు వెంచురాకు అంటించిన ప్యాకేజీ. 1976 మస్టాంగ్ కోబ్రా 2 చారలు, రెక్కలతో పాము పడగ విప్పినట్టే ఉండేది గానీ, దాని మామూలు ఇంజన్‌కు ఉన్నవి నాలుగు సిలిండర్లే. పై మెరుగుకు గిరాకీ మాత్రం తగ్గలేదు. 1977లో ‘స్మోకీ అండ్ ది బాండిట్’ సినిమాలో నలుపు, బంగారు రంగుల పాంటియాక్ ట్రాన్స్ యామ్ పరుగులు తీశాక, బానెట్ నిండా పక్షి బొమ్మ ఉన్న ఆ కారు అమ్మకాలు 1979కల్లా ఏడాదికి లక్ష దాటాయి.

నాటి కార్లు ఇప్పుడు సేకరణ వస్తువులు. 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. ఇంత డబ్బు తిరిగేచోట మామూలు కారుకు చారలు, బ్యాడ్జీలు అంటించి ఖరీదైన ప్యాకేజీగా చలామణి చేసేవారూ ఉంటారు. 1966 నుంచి 1968 వరకు వచ్చిన షెవెల్ ఎస్ఎస్ 396ను గుర్తుపట్టడం తేలిక, దాని సీరియల్ నంబరు 138తో మొదలవుతుంది. 1969లో ఎస్ఎస్ ప్యాకేజీగా మారడంతో నంబరులో ఆ ఆనవాలు పోయింది. పాంటియాక్ రికార్డులు భద్రంగా ఉన్నాయి కాబట్టి రుసుము కడితే అసలు బిల్లు నకలు వస్తుంది. షెవెల్ కొనేవారికి ఆ వెసులుబాటు లేదు. ఫ్యాక్టరీ పనివాళ్లు సీటు స్ప్రింగుల మధ్యో, పెట్రోలు ట్యాంకు మీదో వదిలేసిన బిల్డ్ షీటు కోసం వాళ్లు కారంతా విప్పి వెతుకుతారు.