పాత స్పోర్ట్స్ కారు: ఏళ్ల తరబడి అయ్యే నిర్వహణ ఖర్చును లెక్కగట్టడం ఎలా?

పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు నిండిన స్పోర్ట్స్ కార్లు మార్కెట్లో కొత్త చిన్న కారు ధరకే, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకే దొరుకుతాయి. ఆ ధర చూసి ముచ్చటపడి కొన్నవారికి అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. కారు పాతబడే కొద్దీ దాని అమ్మకపు ధర తగ్గుతుంది గాని విడిభాగాల ధర తగ్గదు, మెకానిక్ కూలీ అంతకన్నా తగ్గదు. అందుకే పాత స్పోర్ట్స్ కారును భరించగలమా లేదా అన్నది కొన్న ధర చెప్పదు. ఏళ్ల తరబడి రాసిన ఖర్చుల పద్దు మాత్రమే చెబుతుంది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ వంటి నగరంలో ఈ పద్దుకు మరింత ప్రాధాన్యం ఉంది. అరుదైన మోడళ్ల విడిభాగాలు స్థానిక దుకాణాల్లో దొరకడం కష్టం. వాటిని సుమారు 290 కిలోమీటర్ల దూరంలోని నాగ్‌పూర్ నుంచో, ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్నం నుంచో, హైదరాబాద్, ముంబయి నగరాల నుంచో తెప్పించుకోవలసి వస్తుంది. ఆ మోడల్ తెలిసిన మెకానిక్ ఊళ్లో లేకపోతే కారునే లారీపై ఎక్కించి పంపవలసిన పరిస్థితి. కొరియర్, రవాణా చార్జీలను పద్దులో రాయని యజమాని తన కారు ఖర్చును ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాడు.

పద్దులో ఏమేమి ఉండాలి?

ప్రతి పనికీ ఏడు వివరాలు అవసరం: తేదీ, ఆనాటి కిలోమీటర్ల రీడింగు, మార్చిన భాగం, దాని ధర, కూలీ, రవాణా చార్జీ, పని అవసరమైన కారణం. వీటిలో చివరిది అన్నిటికన్నా ముఖ్యం. కారణాన్ని మూడు రకాలుగా విభజించవచ్చు. నడిపినందువల్ల అరిగినవి మొదటి రకం. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, ఇంజన్ ఆయిల్ ఇందులోకి వస్తాయి. నడిపినా నడపకపోయినా వయసు వల్ల పాడయ్యేవి రెండవ రకం. రబ్బరు బుష్‌లు, హోస్ పైపులు, టైమింగ్ బెల్టు, బ్యాటరీ, టైర్లు ఈ కోవలోవి. పాత యజమాని చేయించకుండా వదిలేసిన పనులు మూడవ రకం. కొన్న మొదటి రెండేళ్లలో ఖర్చు పెరగడానికి ఈ మూడవ రకమే ఎక్కువగా కారణమవుతుంది. దానిని విడిగా చూపకపోతే కారు ఎప్పటికీ ఇంతే ఖర్చు పెట్టిస్తుందన్న తప్పుడు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇంధనం, బీమా, రిజిస్ట్రేషన్ రుసుములను నిర్వహణ ఖర్చుతో కలపకుండా వేరే పట్టికలో రాయడం మంచిది. అందం కోసం, వేగం కోసం చేయించిన మార్పులనూ విడిగానే చూపాలి. అవి యజమాని ఇష్టంతో పెట్టిన ఖర్చులే గాని కారు కోరినవి కావు.

కిలోమీటరుకు ఎంత?

కిలోమీటరుకు ఇంత అని చెప్పే లెక్క రోజూ నడిచే కార్లకు సరిపోతుంది. వారాంతాల్లో మాత్రమే బయటికి వచ్చే స్పోర్ట్స్ కారుకు అది తప్పుదారి చూపుతుంది. ఉదాహరణకు ఒక కారు మూడేళ్లలో 12,000 కిలోమీటర్లు నడిచిందనుకుందాం. మొదటి ఏడు రూ.40,000, రెండవ ఏడు రూ.1,10,000, మూడవ ఏడు రూ.30,000 ఖర్చయ్యాయి. మొత్తం రూ.1,80,000. అంటే ఏడాదికి సగటున రూ.60,000, కిలోమీటరుకు రూ.15. రెండవ ఏడును మాత్రమే చూసినవారికి ఈ కారు తెల్ల ఏనుగులా కనిపిస్తుంది. మూడవ ఏడును మాత్రమే చూసినవారికి చౌకగా కనిపిస్తుంది. రెండూ నిజం కావు.

ఇదే మొత్తంలో రూ.1,20,000 వయసు వల్ల వచ్చిన ఖర్చు, రూ.60,000 నడిపినందువల్ల వచ్చిన ఖర్చు అనుకుంటే మరో విషయం బయటపడుతుంది. యజమాని ఖర్చు తగ్గించుకునేందుకు కారును సగమే, అంటే 6,000 కిలోమీటర్లే నడిపితే మొత్తం రూ.1,50,000కు దిగుతుంది. నడక సగానికి తగ్గినా ఖర్చు ఆరో వంతు మాత్రమే తగ్గింది. కిలోమీటరు ఖర్చు మాత్రం రూ.15 నుంచి రూ.25కు పెరిగింది. షెడ్డులో నిలిపి ఉంచితే డబ్బు మిగులుతుందన్న నమ్మకం ఎంతవరకు నిజమో ఈ లెక్క చూపిస్తుంది. అందువల్ల పాత స్పోర్ట్స్ కారుకు ఏడాది సగటునే ప్రధాన కొలమానంగా తీసుకోవాలి. అదీ కనీసం మూడేళ్ల సగటు, వీలైతే ఐదేళ్ల సగటు.

పదేళ్లకు పైగా పద్దు రాస్తున్నవారు ధరల పెరుగుదలనూ లెక్కలోకి తీసుకోవాలి. 2012ను 100గా తీసుకున్న వినియోగదారుల ధరల సూచీ 2024 చివరికి 190 దాటింది. 2012లో రూ.10,000 అయిన పని 2024లో రూ.19,000 అయితే కారు మరింత చెడిపోయిందని అర్థం కాదు. రూపాయి విలువ తగ్గిందని మాత్రమే అర్థం.

ఎండ, వాన, దుమ్ము

వయసు వల్ల వచ్చే ఖర్చును వాతావరణం పెంచుతుంది. రాయ్‌పూర్‌లో మే నెల ఎండలు తరచూ 43 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు పెళుసెక్కుతాయి. రేడియేటర్, ఫ్యాన్, కూలెంట్ పైపులకు అసలైన పరీక్ష ఆ రోజుల్లోనే ఎదురవుతుంది. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక ప్రాంతాల్లో స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలు ఉన్నాయి. ఆ పరిసరాల్లో తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే చూసుకోవడం మేలు. వానాకాలంలో చాలా రోజులు కదలకుండా ఉన్న కారులో ఎలుకలు వైర్లు కొరకడం మరో ఖర్చు.

బ్రేక్ ఆయిల్ విషయంలో వయసు నేరుగా ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టిన తరువాత ఆ కనీస పరిమితి 155 డిగ్రీలు మాత్రమే. వేగంగా వెళుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు మరిగిన ఆయిల్‌లో బుడగలు ఏర్పడి, పెడల్ కిందికి దిగినా బ్రేకు పట్టకపోవచ్చు. అందుకే దీనిని కిలోమీటర్లతో సంబంధం లేకుండా సాధారణంగా రెండేళ్లకొకసారి మారుస్తారు. టైర్లకూ ఇదే సూత్రం. టైరు పక్కభాగంలో ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు లోతుగా ఉన్నా ఆ టైరు పాతదే.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతటా అమలైంది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో తెలిపింది. పాత కార్ల యజమానులు ఇంధన పైపులు, సీళ్లకు పద్దులో ప్రత్యేక వరుస కేటాయించుకోవడానికి ఇదొక కారణం.

ప్రభుత్వ రుసుములు, బీమా

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆపై ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కార్లకు ఈ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.600 బదులు రూ.5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న కార్లకు అది రూ.80,000. ఐదేళ్లకు పంచితే ఏడాదికి రూ.16,000. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాలకు 2021 నుంచి వేరే నిబంధనలు ఉన్నాయి. వాటి రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది గాని రోజువారీ వాడకానికి అనుమతి లేదు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొన్న కారును రాయ్‌పూర్‌కు తెచ్చుకున్నవారు పన్నెండు నెలలకు మించి అక్కడ ఉంచదలిస్తే, పాత రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని ఛత్తీస్‌గఢ్‌లో తిరిగి రిజిస్టర్ చేయించాలి. అక్కడి రోడ్డు పన్ను కూడా చెల్లించాలి. ఈ మొత్తాన్ని కొనుగోలు ధరలో భాగంగానే చూడాలి.

థర్డ్ పార్టీ బీమాకు 2022 జూన్‌లో అమలైన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు ఏడాదికి రూ.3,416, 1,500 సీసీ దాటితే రూ.7,897. సమగ్ర బీమాలో మరో చిక్కు ఉంది. ఐదేళ్లు దాటిన కారు విలువను బీమా సంస్థ, యజమాని కలిసి నిర్ణయించుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని తక్కువ విలువ రాయించుకుంటే, మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటగానే కారును పూర్తి నష్టంగా పరిగణించవచ్చు. దిగుమతి భాగాలు ఖరీదైన స్పోర్ట్స్ కారుకు ఒక మోస్తరు ప్రమాదమే అందుకు చాలు. బిల్లులతో కూడిన పద్దు సరైన విలువ కోరడానికి ఆధారంగా నిలుస్తుంది.

విడిభాగాలు దొరికినంత కాలమే

భారత్‌లో తయారైన అరుదైన స్పోర్ట్స్ కార్లలో శాన్ స్టార్మ్ ఒకటి. ఫైబర్‌గ్లాస్ బాడీ, 1,149 సీసీ రెనో ఇంజన్ దాని ప్రత్యేకతలు. ఇలాంటి కార్లలో ఇంజన్ భాగాలు ఒక పెద్ద కంపెనీవి కావడం వల్ల దారి దొరకవచ్చు. బాడీ భాగాలు, అద్దాలు, పైకప్పు మాత్రం వేరెక్కడా దొరకవు. జపాన్‌లో మాజ్డా సంస్థ 1989 నాటి తన మొదటి తరం రోడ్‌స్టర్ కార్ల పునరుద్ధరణ సేవను 2017లో ప్రకటించి, ఆగిపోయిన కొన్ని భాగాలను మళ్లీ తయారు చేయించింది. అలాంటి అండ లేని మోడల్ యజమాని దొరికినప్పుడే భాగం కొని దాచుకోవలసి ఉంటుంది. అలా దాచిన వస్తువులకూ పద్దులో చోటుండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటిపై జీఎస్‌టీ 18 శాతానికి చేరడంతో అంతకుముందు 28 శాతం ఉన్న భాగాలపై భారం తగ్గింది. ఆ తేదీకి ముందరి బిల్లులతో కొత్త ధరలను పోల్చేటప్పుడు దీనిని గుర్తుంచుకోవాలి.

ఉంచుకోవాలా, వదులుకోవాలా?

ఐదేళ్లకొకసారి వచ్చే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఈ ప్రశ్న వేసుకోవడానికి తగిన సమయం. ముందుగా గత ఐదేళ్ల సగటు తీయాలి. రాబోయే ఐదేళ్లలో తప్పక వచ్చే పెద్ద పనులను తేదీలతో రాసుకోవాలి. ఒక్కొక్కదానిని నెలలకు పంచాలి. రూ.36,000 విలువైన టైర్లు ఆరేళ్లు వస్తే నెలకు రూ.500. రూ.30,000 అయ్యే టైమింగ్ బెల్టు పని ఐదేళ్లకొకసారి వస్తే అదీ నెలకు రూ.500. ఇలా తేలిన మొత్తాన్ని నెలనెలా పక్కన పెట్టగలిగితే కారును ఉంచుకోవచ్చు. పెట్టలేకపోతే మొదట వాయిదా పడేవి పైకి కనిపించని బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ పనులే. అక్కడికి చేరిన కారు యజమానికే గాక రోడ్డుపై ఉన్న అందరికీ ప్రమాదం.

అమ్మాలని నిర్ణయించినా పద్దు వృథా కాదు. తేదీలు, కిలోమీటర్లు, బిల్లులు వరుసగా ఉన్న కారును కొనేవారు నమ్ముతారు. ఏ పని అయిందో, ఏది మిగిలిందో వారికి ముందే తెలుస్తుంది. కొత్త యజమాని తొలి రెండేళ్ల ఖర్చును ఊహతో కాక లెక్కతో అంచనా వేసుకోగలుగుతాడు.