సిరాలో బూజు

మాచికాయల కషాయమున అన్నభేదియు తుమ్మబంకయు కలిపి ఐరోపా లేఖకులు శతాబ్దములపాటు సిరా చేసికొనిరి. ఆ సిరాకు బూజు మిత్రమును, శత్రువును కూడ. నానిన మాచికాయలపై పెరుగు బూజే అందలి టానిన్‌ను గాలికామ్లముగ మార్చునని 1867లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాన్ టీగెమ్ నిరూపించెను. కాని సిద్ధమైన సిరాపై ఆ బూజే మీగడవలె కట్టి దానిని చెరచుచుండెను. లేఖకులు లవంగములు వేసి దానిని అరికట్టజూచిరి. 1834లో రుంగే బొగ్గుతారునుండి వేరుచేసిన కార్బాలికామ్లము తరువాత ఆ పనికి వచ్చినది.

1884లో అమెరికాలో వాటర్‌మన్ ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు పొందెను. ఆ కలము వ్యాపించినకొలది చిక్కు హెచ్చినది. బుడ్డిలోని బూజు కంటబడును. పాళీ వెనుకనున్న సన్నని కాలువలోనిది కనబడదు. అట్టి కలమును విడదీసి, కడిగి, పూర్తిగ ఆరనీయవలెను. బుడ్డిలో మిగిలిన సిరాను పారబోయుట పొదుపరికి కష్టమే. కాని అది ఉన్నంతవరకు కడిగిన కలమునకు మరల బూజు సోకుచునే యుండును.