రంగుమచ్చల వెనుక గణాంకం: మెదడు చిత్రాల పఠన చరిత్ర

మెదడు పరిశోధన పత్రాలలో బూడిదరంగు మెదడుపై కనిపించే ఎరుపు, పసుపు మచ్చలను చూసి, ఆ భాగం ఆ క్షణంలో వెలిగిందని అనుకోవడం పరిపాటి. నిజానికది ఛాయాచిత్రం కాదు, గణాంక పరీక్ష ఫలితానికి వేసిన రంగు. దానిని ఎలా చదవాలన్న చర్చ దశాబ్దాలుగా సాగుతోంది.

రక్తంలోని ఆక్సిజన్ మార్పులు అయస్కాంత అనునాద చిత్రాలలో నమోదవుతాయని 1990లో సెయ్‌జీ ఒగావా బృందం ఎలుకల మెదడుపై చూపింది. ఇంచుమించు అదే కాలంలో లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్ ఎస్.పి.ఎమ్. అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. మొదట పెట్ స్కాన్ల కోసం వచ్చిన ఈ పద్ధతి తరువాత ఎఫ్.ఎమ్.ఆర్.ఐ.కి విస్తరించింది. ఇందులో మెదడును వోక్సెల్ అనే చిన్న ఘనాలుగా విభజించి, ప్రతి ఘనానికీ విడిగా పరీక్ష చేస్తారు. టీ విలువ నిర్ణీత హద్దు దాటిన చోటే రంగు పడుతుంది. కనుక రంగు సాక్ష్యబలాన్ని తెలుపుతుందే తప్ప నాడీచర్య పరిమాణాన్ని కాదు. రంగు లేనంత మాత్రాన అక్కడ చర్య లేదనీ చెప్పలేము.

వేల పరీక్షలు ఒకేసారి చేసినప్పుడు కొన్ని కేవలం యాదృచ్ఛికంగా హద్దు దాటుతాయి. దీనికి దిద్దుబాటుగా కీత్ వర్స్లీ 1992లోనే యాదృచ్ఛిక క్షేత్ర సిద్ధాంతాన్ని ఈ చిత్రాలకు అన్వయించారు. అయినా దిద్దుబాటు లేని చిత్రాలు చాలాకాలం అచ్చవుతూనే వచ్చాయి. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం మరణించిన సాల్మన్ చేపను స్కానర్‌లో ఉంచి, దానికి మనుషుల ఫొటోలు చూపి, వారి భావోద్వేగం ఏమిటని 'అడిగింది'. దిద్దుబాటు లేకుండా 0.001 సార్థకతా స్థాయిలో పరిశీలించగా 8,064 వోక్సెల్‌లలో 16 'స్పందించాయి'. ఆ స్థాయిలో యాదృచ్ఛికంగానే సగటున ఎనిమిది రావలసి ఉంది. దిద్దుబాటు చేశాక ఒక్కటీ మిగలలేదు. 2012లో ఈ పనికి ఇగ్ నోబెల్ లభించింది. ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. మొత్తం బూటకమని దీన్నిబట్టి తేల్చినవారూ ఉన్నారు. రచయితలు అన్నది అది కాదు. వారి విమర్శ దిద్దుబాటు లేని పఠనంపైనే.

అయితే దిద్దుబాటు చేసిన చిత్రాలూ పూర్తిగా నిరపాయమైనవి కావని 2016లో తేలింది. ఎక్లుండ్, నికోల్స్, నట్‌సన్ 499 మంది ఆరోగ్యవంతుల విశ్రాంతస్థితి స్కాన్లను యాదృచ్ఛికంగా జట్లు చేసి పోల్చారు. జట్ల మధ్య నిజమైన తేడా ఉండదు కనుక దోషం 5 శాతానికి మించరాదు. వోక్సెల్ సమూహాల పరిమాణంపై ఆధారపడిన పరీక్షల్లో మాత్రం అది కొన్ని సందర్భాల్లో 70 శాతం వరకు చేరింది. సమూహాన్ని గుర్తించే తొలి హద్దు 0.01గా సడలించినప్పుడు దోషం అధికం, 0.001 వద్ద చాలా తక్కువ. అందుచేత చిత్రం కింది వ్యాఖ్యలో ఈ హద్దు కోసం వెతకడం చిత్రాన్ని చూడడం కంటే ముందు చేయవలసిన పని.

ఇక్కడే మరో చిక్కు ఉంది. సమూహ పరీక్ష ఒక మచ్చను సార్థకమని తేల్చినా, అందులోని ప్రతి వోక్సెల్ సార్థకమని అర్థం కాదు. రెండు మూడు మెదడు భాగాలపై పరచుకున్న పెద్ద మచ్చలో ఎక్కడో ఒకచోట స్పందన ఉందని మాత్రమే అది చెబుతుంది, ఏ భాగంలోనో చెప్పదు.