నీలిపొగ బండి

ధర్మపురి నుంచి సేలం వైపు దిగే తొప్పూరు ఘాటులో పాత టూ స్ట్రోక్ బండివాళ్లు యాక్సిలరేటరు పూర్తిగా మూసి దిగేవాళ్లు కాదు. మధ్యమధ్య కాస్త తిప్పి వదిలేవాళ్లు. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే బండ్లవి. పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగుతుంది. పల్లంలో నాలుగు చుక్కలు మిగుల్చుకుందామని ఆశపడినవాడి పిస్టన్ బోరును పట్టేసుకునేది.

ఇంజిన్ ఆయిల్ చూడడం, మార్చడం అనే పని ఆ బండికి లేదు. బంకులో లీటరుకు ఇంతని 2టీ ఆయిల్ కొలిచి పోయించుకుని, బండిని అటూ ఇటూ ఊపితే అయిపోయింది. ఆయిల్ ఇంజిన్‌ను తడిపి, పెట్రోలుతోపాటే కాలి, సైలెన్సరులోంచి నీలిపొగై పోయేది. గేరుపెట్టె ఉన్న బండికైతే దాని ఆయిల్ వేరు, అదీ ఎప్పుడో ఒకసారి.

ఈ బండి ఈ నేల బిడ్డే. 1980లో టీవీఎస్ 50 పుట్టిన హోసూరు అప్పటికి ధర్మపురి జిల్లాలోనిదే. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా అలాగే ఉంది. ఇద్దరు కూర్చోగల మోపెడ్ మన దేశంలో ఆ టీవీఎస్ 50యే మొదటిది. 1984లో అదే హోసూరు నుంచి 100 సీసీ ఇండ్-సుజుకి వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే ఆ పల్లెల్లో పాల క్యాన్లు, రాగి మూటలు, పాలక్కోడు టమాట బుట్టలు వీటి మీదే సంతకు చేరాయి. ఫోర్ స్ట్రోక్‌కు ఉండేలాంటి కవాటాలు లేని ఇంజిన్. చెట్టు కింద మెకానిక్ నాలుగు స్పానర్లతో విప్పి సాయంత్రానికి బిగించి ఇచ్చేవాడు. పేదవాడికి అంతగా లొంగిన యంత్రం మళ్లీ రాలేదని నా నమ్మకం.

దాన్ని కాపాడిన ఆయిలే దాని మీద సాక్ష్యం చెప్పింది. కాలిన ఆయిల్ పొగతోపాటు, కాలని పెట్రోలు కూడా కొంత బయటికి పోయేది. 1991లో మొదలైన పొగ నిబంధనలు 1996లో, 2000లో బిగుసుకున్నాయి. యువకులు ప్రాణంగా చూసుకున్న యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. 1985లోనే వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్ మైలేజీ ఎంతో అందరికీ చూపించింది. అప్పటిదాకా కలిసి బండ్లు చేసిన సుజుకి, టీవీఎస్ 2001లో విడిపోయాయి. ఆ ఏడే టీవీఎస్ ఫోర్ స్ట్రోక్ బైకు విక్టర్ వచ్చింది. టూ స్ట్రోక్‌లలో చివరిదాకా నిలబడింది మోపెడే. 2015లో టీవీఎస్ ఫోర్ స్ట్రోక్ మోపెడ్ ఎక్స్‌ఎల్ 100 రావడం, 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 పొగ నిబంధన అమలు కావడంతో దాని కాలమూ తీరింది. చట్టం తప్పు చేయలేదు. ఆ పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోయింది. అయినా ఇన్ని సంసారాలను మోసిన బండి పోతే దుఃఖం రాకుండా ఉండదు.

బండి పోయినా అలవాటు పోలేదు. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ లోపలే తిరుగుతుంది. నల్లబడుతుంది, పలచబడుతుంది, కొంచెం కొంచెంగా తరుగుతుంది. బండిని చదునైన చోట నిటారుగా నిలబెట్టి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి ముంచి చూడాలి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే మడ్డి కూడా కిందికి దిగుతుంది. పట్టేది లీటరు అటూ ఇటూ ఆయిలే. మూడు దశాబ్దాలు పెట్రోలు పోయిస్తే ఆయిల్ పోసినట్టే అనుకున్న చేతికి ఈ పని తోచదు. పాత ఇంజిన్‌కు ఆయిల్ తప్పితే ఆ పూటే పట్టేసేది. కొత్తది నెలల తరబడి ఓర్చుకుంటుంది, లోపల అరుగుతూనే.

"ఆయిల్ ఎప్పుడు మార్చినావప్పా?" అని మెకానిక్ అడుగుతాడు.

"నిన్ననే గదన్నా పెట్రోలు పోయిస్తిని!"

అప్పటికే బోరు గీతలు పడి ఉంటుంది, పిస్టన్ మార్చాల్సిందే. ఒక్కోసారి క్రాంకు కూడా.