పురీషనాళ శస్త్రచికిత్స: రోగులు నేర్పిన పాఠము

మన పెద్దప్రేగు చివరిభాగమునకు పురీషనాళమని పేరు. దీని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. మలము పోవుటకు ఇది దారి మాత్రమే కాదు. వీలైన సమయము వచ్చువరకు దానిని నిలిపియుంచు సంచి కూడ. దీనికి కాన్సరు సోకినచో సాధారణముగా కోసి తీసివేయుదురు. అటుపిమ్మట రోగి బ్రతుకు ఎట్లుండును?

1908 లో లండను శస్త్రవైద్యుడు ఎర్నెస్టు మైల్సు పురీషనాళమును మలద్వారముతో సహా తొలగించు పద్ధతిని ప్రకటించెను. ప్రేగు కొనను పొట్టపై చేసిన రంధ్రమున తెరచుచుండిరి. ఆ రంధ్రమును బిగించు కండరము లేదు గనుక మలము తనంతట వెలువడును. ప్రాణము దక్కెను గాని, ఆ స్థితిలో జీవించు విధము చెప్పువారు అరుదు.

ఆ కొరతను చాలవరకు తీర్చినది రోగులు, వారి ఆప్తులు. 1950 తరువాతి తొలి సంవత్సరములలో న్యూయార్కు, బోస్టను నగరములందు ఇట్టివారు సంఘములుగా కూడిరి. 1954 లో డెన్మార్కు నర్సు ఎలీజ్ సోరెన్సెన్ తన సోదరి అవస్థ చూచి, చర్మమునకు అంటుకొనునట్టి, వాడి పారవేయదగిన సంచిని ఊహించెను. 1958 లో అమెరికాలోని క్లీవ్‌లాండు క్లినిక్‌నందు రూపర్టు టర్న్‌బుల్ అను శస్త్రవైద్యుడు, రోగులకు బోధించుటకై నార్మా గిల్ అను స్త్రీని నియమించెను. ఆమె నర్సు కాదు. ప్రేగువ్యాధి వలన తానే అట్టి రంధ్రము చేయించుకొన్న రోగి. 1961 లో అచటనే ఈ విద్యకు పాఠశాల వెలసెను.

ఇంతలో మరియొక మార్గము తెరచుకొనెను. 1948 లో మేయో క్లినిక్‌కు చెందిన క్లాడ్ డిక్సన్, మలద్వారమును ఉంచి, మిగిలిన ప్రేగును క్రిందికి కలిపి కుట్టు పద్ధతి ఫలితములను ప్రకటించెను. 1982 లో ఇంగ్లండు వైద్యుడు బిల్ హీల్డ్, చుట్టునున్న కొవ్వు పొరతో సహా కంతిని తీసినచో కాన్సరు తిరిగి వచ్చుట తగ్గునని చూపెను. పలువురికి పొట్టపై రంధ్రము తప్పెను.

కాని సంచి పోయినది గదా! కలిపి కుట్టిన ప్రేగు దానివలె సాగదు. మలము కొంచెము కొంచెముగా పలుమార్లు వచ్చును; ఒక్కొక్కప్పుడు ఆపుకొనలేనంత తొందర కలుగును. ఇది పైకి చెప్పుకొనుటకు సిగ్గుపడు బాధ.

2012 లో డెన్మార్కు వైద్యులు ఎమర్ట్‌సెన్, లౌర్‌బర్గ్ ఈ బాధను కొలుచుటకు ఐదు ప్రశ్నలు కూర్చిరి. మొత్తము మార్కులు 42. 30 గాని అంతకు మించి గాని వచ్చినచో బాధ తీవ్రము. రోగుల జీవితమును ఏది ఎంత చెరచునో చూచి మార్కులు పంచిరి. పలుచని మలము కారుటకు గరిష్ఠము 3 మార్కులే. గంటలోపల మరల మరల పోవలసివచ్చుటకు 11. మరుగుదొడ్డికి పరుగెత్తించు తొందరకు 16! పైనుండి చూచువానికి కారుటయే ఘోరమని తోచును; అనుభవించువానికి తొందరయే ఘోరము. 2020 లో ఈ లక్షణసముదాయమునకు అంతర్జాతీయ నిర్వచనము కూర్చినపుడు రోగులను కూడ చేర్చుకొనిరి.

నేడు దూరదేశములందున్న రోగులు సైతము ఇంటర్‌నెట్ ద్వారా ఏ ఆహారము పడినదో, ప్రయాణమునకు ముందు ఏమి చేసిరో ఒకరికొకరు చెప్పుకొనుచున్నారు. ఇది వైద్యునికి బదులు కాదు. మలమున రక్తము కనబడినచో వైద్యునికే చూపవలెను. అయినను, సిగ్గు విడిచి ఒకడు చెప్పిన మాట మరియొకనికి ధైర్యమగును. వైద్యునికి అది జ్ఞానమగును.